మెల్లగా రెండుసార్లు

మా టీమ్ లీడ్ మేడం పోయారని సోమవారం పొద్దున ఆఫీసు గ్రూపులో ఒక్క వాక్యం వచ్చి పడింది. అంత కబురు చెప్పే పద్ధతి అదేనా! ఆవిడైతే ఎవరికీ అలా చెప్పేవారు కాదు.

హైదరాబాదు రాయదుర్గంలో మేం చేసే పని చెబితే మా చుట్టాలు నవ్వుతారు. ఎక్కడో చలిదేశపు సముద్రంలో గాలిమరలు నిలబెట్టడానికి అడుగున ఇనుప స్తంభాలు దిగగొడతారు. ఆ మోతకు పోర్పస్‌లు, అంటే డాల్ఫిన్‌కు చెల్లెలి వరసయ్యే చిన్న జీవాలు, బెదిరి తిండి దొరికే చోటు వదిలి పారిపోతాయి. నీళ్లలో పెట్టిన మైకుల రికార్డింగులు మాకొస్తాయి, అవి అక్కడ ఉన్నాయో పోయాయో విని చెప్పాలి. పోర్పస్‌లు చేసే టిక్కుటిక్కులు మన చెవికి అందవు, వేగం తగ్గించి వినాలి.

పక్క టవరు కోసం బండ కొడుతున్న చప్పుడును ఒకసారి నేను సముద్రంలోదే అనుకున్నాను. మేడం పడీపడీ నవ్వారు. "గది సముద్రం గాదు తమ్మీ, పక్క బిల్డింగు! జర హెడ్‌ఫోన్ తీసి విను."

సముద్రంలో స్తంభాన్ని గట్టిగా కొట్టేముందు మెల్లగా కొన్ని దెబ్బలు వేస్తారు, జీవాలు దూరం పోవడానికి. మేడమ్‌కి ఆ పద్ధతి తెగ నచ్చింది. ఎవరినైనా తిట్టాలంటే ముందు వాళ్ల బల్లను వేలితో మెల్లగా రెండుసార్లు తట్టేవారు. మేం టీకి జారుకునేవాళ్లం. "పోనియ్, గందుకే గద కొట్టింది" అనేవారు.

తన జబ్బు సంగతీ అలాగే చెప్పారు. నా బల్ల తట్టి, కూర్చుని, ముందు ఏవో ఇంటి కబుర్లు. ఆ రోజు నేను లేచి వెళ్లలేదు.

బోరబండ నుంచి లోకల్ రైల్లో నిలబడే కునుకు తీసే మనిషి, నేను చూడబోయేసరికి దవాఖానలో నిద్రలేక వాడిపోయి ఉన్నారు. కిటికీ అవతల కొత్త బ్లాకు పునాదులకు స్తంభాలు దిగగొడుతున్నారు. మంచం అదురుతోంది.

"అవన్న ఈదుకుంట పోతయ్. నేనేడికి పోత?" అన్నారు. నేను లేచి కిటికీ మూశాను.

తర్వాత అడిగారు. "పని ఆపినంక రికార్డింగ్ వచ్చిందా? తిరిగొచ్చినయా అవి?"

"ఇంకా రాలేదు మేడం."

"వస్తే జెప్పు. గదొక్కటే ఫికర్ నాకు."

ఆ రికార్డింగ్ ఆవిడ పోయాక వచ్చింది. భోజనం మానేసి విన్నాను. ఎంతసేపూ నీళ్ల హోరే. చివరికి ఒక టిక్కు. ఆగి, ఇంకొకటి. ఆ తర్వాత చేపను తరిమేటప్పుడు చేసే గబగబ టిక్కులు. అందరి ముందూ ఏడ్చేశాను.

ఆవిడ సీటు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. వెళ్లి ఆ బల్లను వేలితో తట్టాను, మెల్లగా, రెండుసార్లు.