నేను గీయని గీత

దయ్యాల ముచ్చట మొదలైతే చాయ్ పెట్టే నెపంతో లేచిపోయే రకం నేను. కొలిచి చూపించనిదే దేన్నీ నమ్మను. అందుకే ఈ సంగతి బయట ఎవరికీ చెప్పలేదు.

ఎనభైల్లో కరీంనగర్‌లో ఒక కాలేజీ ల్యాబ్‌లో పరిశోధన చేసేదాన్ని. విటమిన్ల జాతి పదార్థాలకు నూనె మీద ఎంత ఇష్టమో తేల్చడం నా పని. గాజు పలకకు తెల్లటి పొడి పూత పూసి, దానికి నూనె పట్టించి, అడుగున ఆ పదార్థం చుక్క పెట్టి, స్పిరిట్ కలిపిన నీళ్ల జాడీలో నిలబెట్టాలి. తడి పైకి పాకుతుంది. నూనెను వదల్లేని చుక్క వెనకబడుతుంది.

పలక బయటికి తీసిన వెంటనే తడి ఎక్కడిదాకా పాకిందో పెన్సిల్‌తో గీత గీయాలి. ఆరిందంటే ఆనవాలు దొరకదు, ఇక కొలత లేదు. పూత రాలకుండా ఆ గీత గీయడం చేతనవడానికే నాకు ఆర్నెల్లు పట్టింది.

ఆ మధ్యాహ్నం చివరి పదార్థంలో మిగిలిన చివరి చుక్క పెట్టాను. మళ్లీ తెప్పించే స్తోమత కాలేజీకి లేదు. ఆ ఒక్క అంకె వస్తే నా థీసిస్ పట్టిక పూర్తయినట్టే. పలక తీసి బల్ల మీద పెట్టానో లేదో, అటెండర్ రాజయ్య ఉరికొచ్చాడు.

"మేడం, మందమర్రి నుంచి ఫోనొచ్చింది. మీ బాపుకు పానం బాగలేదట. జల్ది పోండ్రి."

పెన్సిల్ ముట్టుకోలేదు. తలుపుకు తాళం వేసి, ఉన్న ఒక్క తాళంచెవి సంచిలో వేసుకొని బస్సెక్కాను. నేను చేరేసరికి బాపు లేడు. దారి పొడుగునా నేను ఆలోచించింది మాత్రం పాడైపోయే పలక గురించే. ఆ సిగ్గు నన్ను ఇంకా వదల్లేదు.

పదమూడో రోజు వచ్చి తాళం తీశాను. పలక పెట్టినచోటే ఉంది. దాని మీద పెన్సిల్ గీత ఉంది. సన్నగా, తిన్నగా, పూత రవ్వంత కూడా రాలకుండా.

కిటికీల గడియలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. రాజయ్యను అడిగితే ఎవరూ రాలేదన్నాడు. నేనే గీసి మరిచిపోయానందామంటే, గీసిన వెంటనే నోట్‌బుక్‌లో టైము రాసే అలవాటు నాది. ఆ పేజీ ఖాళీగా ఉంది.

"గీత ఉంది కదమ్మా, కొలువు" అన్నారు మా సార్. కొలిచాను. అంకె మిగతావాటి వరుసలో చక్కగా ఇమిడింది. అయినా పట్టికలో రాయలేదు. ఎవరు గీశారో తెలియని గీత నాదేనని సంతకం ఎలా పెట్టను? ఆ గడి ఖాళీగానే పోయింది. డిగ్రీ ఏడాది ఆలస్యమైంది.

డిగ్రీ చేతికొచ్చిన రోజు ఇదంతా మా అవ్వకు, అంటే మా అమ్మకు, చెప్పాను.

"మీ బాపు గంత దూరం వచ్చి గీసిపోతే, పనికిరాదని పక్కకు పెడితివా బిడ్డా?" అంది.

బాపు పోయినప్పుడు రాని ఏడుపు ఆ మాటకు వచ్చింది. ఆ గీత ఎవరు గీశారో నాకు ఇప్పటికీ తెలియదు.