రేకుల కుండ పక్కన వేసిన చాప

"పెద్దమ్మ లేవట్లేదు నాన్నా," అని పోయిన నెల ఒక తెల్లవారుజామున మా అమ్మాయి వచ్చి చెప్పింది. వెళ్ళి చూస్తే వదినగారు నిద్రలోనే పోయారు. ఆత్రేయపురంలో ఆవిడ చేతి పూతరేకు ఎరిగినవాళ్ళంతా వచ్చారు. రోజూ జమాఖర్చు రాసుకోవడం తప్ప నాకు వేరే రాత అలవాటు లేదు. అయినా ఈ సంగతి రాయాలి.

మా వసారాలో రేకుల కుండ ఉంది. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పిండిలో తడిపిన గుడ్డను దాని మీద ఒక్క లాగు లాగితే రేకు లేస్తుంది. బయట చేరిన ఆడపిల్ల ఆ కుండ ముట్టకూడదని, పెరటి గదిలో చాప మీద ఉండాలని మా ఇంటి పద్ధతి. దాన్ని విశ్రాంతి అనుకునేవాళ్ళం. మా అమ్మాయి నెలనెలా ఆ గదిలో నొప్పితో ముడుచుకుపోయేది. తలుపు వేసి ఉండేది కనుక మూలుగు కూడా మాదాకా వచ్చేది కాదు.

"నాకూ వచ్చేది అక్కా, ఓర్చుకున్నాను. పెళ్ళయితే సర్దుకుంటుంది," అనేది నా భార్య. సంబంధం చూడమని నన్ను తొందరపెట్టేది.

"పెళ్ళికొడుకేమన్నా నొప్పి మాత్రా?" అన్నారు వదినగారు ఒకసారి.

ఆ నెల వదినగారే పిల్ల చాపని తెచ్చి కుండ పక్కనే వేశారు.

"కుండ మైలపడదా అక్కా?"

"పడితే నేను కడుక్కుంటాను. నొప్పిని గదిలో పెట్టి తలుపేస్తే మనకేం తెలుస్తుందే?"

రేకులు తీస్తూ రోజంతా పిల్లనే కనిపెట్టి చూశారు. అది నడుమెత్తలేదు. తిన్నది కక్కేసింది. దొడ్డికి వెళ్ళొచ్చి గోడ పట్టుకుని ఏడ్చింది. సాయంత్రం ఆవిడ గుడ్డ పక్కన పెట్టి నన్ను పిలిచారు.

"మరిదిగారూ, ముట్టు నొప్పి నేనెరగనిది కాదు. కాపడం పెట్టుకుని పని చేసుకుంటాం. ఇది అది కాదండి. రేపు కాకినాడ వెళ్దాం."

కాకినాడలో డాక్టరమ్మగారు పరీక్షలు చేసి ఎండోమెట్రియోసిస్ అన్నారు. గర్భసంచి లోపలి పొరలాంటిదే బయట, అండాశయాల మీద, పేగుల దగ్గర పెరుగుతుందట. నెలనెలా ముట్టుతోపాటు అదీ రేగి వాపు తెస్తుందట, లోపల అతుకులు పడతాయట.

"రేకు కుండ మీద కాకుండా పక్కన అంటుకున్నట్టు. అంతేనాండి?" అన్నారు వదినగారు.

"అలాగే అనుకోండి," అని డాక్టరమ్మగారు నవ్వారు. "పెళ్ళి మాత్రం దీనికి మందు కాదు. పూర్తిగా పోతుందని మాటివ్వను, అదుపులో పెడదాం."

"అయితే నేను వంకలు చెప్పట్లేదు కదా పెద్దమ్మా?" అంది మా అమ్మాయి.

"నీ నొప్పికి పేరుంది, విన్నావుగా."

మాత్రలు వాడాక కొంత, చిన్న కోతల ఆపరేషన్ తర్వాత ఇంకొంత తేరుకుంది. ఇప్పటికీ నొప్పి వస్తుంది, కానీ పిల్లని పడగొట్టదు. నా భార్య సంబంధాల మాట మళ్ళీ ఎత్తలేదు. పెరటి గదిలో బియ్యం బస్తాలు వేశాం. వీధిలో ఎవరైనా కూతురి కడుపునొప్పి సంగతి ఎత్తితే వదినగారు ఒకటే చెప్పేవారు: "ముందు చాప మీ కళ్ళెదుట వెయ్యండి. తర్వాత డాక్టరు."

వదినగారి పెద్దకర్మ అయ్యేదాకా రేకుల పొయ్యి వెలిగించలేదు. మర్నాడు పొద్దున్నే మా అమ్మాయి వదినగారి పీట మీద కూర్చుంది.

"ఈరోజే వచ్చింది నాన్నా," అంది నాతో, వాన వచ్చిందని చెప్పినంత మామూలుగా.

నా భార్యే వంగి మంట రాజేసింది. అమ్మాయి గుడ్డ ఒక్క లాగు లాగి, మొదటి రేకు లేపి వెలుతురుకి పట్టుకుంది. ఆ రేకులోంచి గుమ్మం, వీధి, ఎండ అన్నీ కనిపించాయి.