పెళ్ళివారి బరువుతో నిలబెట్టిన బాల్కనీ

ఒక బాల్కనీని కాపాడబోయి మా అక్క పెళ్ళి సంబంధాన్ని దాదాపు కూల్చేసిన వైనం ఇది. బాల్కనీకి ఏమీ కాలేదని ముందే మనవి చేస్తున్నాను. మిగిలినవాటికి హామీ ఇవ్వలేను.

అప్పుడు నేను ఆర్కిటెక్చర్ రెండో సంవత్సరం. భవనాలు ఎందుకు నిలబడతాయో కొత్తగా నేర్చుకున్నవాడికి, నిలబడిన ప్రతి భవనం మీదా అనుమానమే. ఏలూరు స్టేషనులో సైతం కప్పు కింద నిలబడక, మండుటెండలో రైలు కోసం చూసేవాణ్ణి.

తాడేపల్లిగూడెంలో పెదనాన్నగారు కట్టిన కొత్త మేడలో అక్క ప్రధానం. ఆ ఇల్లు చూడడం నాకదే మొదలు. గేటు దాటి తలెత్తగానే ఉన్నచోటే ఆగిపోయాను. మేడ మీద పెద్ద బాల్కనీ ముందుకు పొడుచుకొచ్చి ఉంది; దాని కింద నిండుగా కట్టిన అరటిచెట్లే తప్ప స్తంభమన్నది లేదు. అంటే కాంటిలీవర్. బయటి కొస తూగాలంటే లోపలి కొస మీద తగినంత బరువుండాలి. పిల్లలు చెరో చివర కూర్చుని ఊగే బల్ల సూత్రమే. ఉంగరాలు మార్చుకోక ముందు అందరూ ఫోటోకు చేరేది ఆ బాల్కనీ మీదికే. చెబితే పెదనాన్న కంగారుపడతారని, బరువు నేనే సమకూర్చదలిచాను.

వచ్చినవారిని చూపుతోనే తూచి, భారీ మనుషులను ఒక్కొక్కరినే మర్యాదగా బాల్కనీ వెనక గదిలో కూర్చోబెట్టాను. దురదృష్టవశాత్తూ వారందరూ తణుకు నుంచి వచ్చిన పెళ్ళికొడుకువైపు వారే.

"ఫోటోకి మమ్మల్ని పిలవరేంటండీ బాబూ?" అంటూ పెళ్ళికొడుకు మేనత్తగారు లేవబోయారు.

"మీరు కదలకండి అత్తయ్యగారూ. మీరు లేస్తే కష్టం."

"ఎవరికండీ కష్టం?"

"బాల్కనీలో ఉన్నవాళ్ళకండీ."

ఆవిడ పక్కనే కూర్చున్న తమ్ముడి వైపు చూశారు. ఆయనే పెళ్ళికొడుకు తండ్రి. నా ఎంపికలో ప్రథములు. ఆయన గదంతా ఓసారి కలయజూశారు.

"ఇక్కడ మీవాళ్ళు ఒక్కరూ లేరేంటండీ?"

"మావాళ్ళు సరిపోరండీ."

"దేనికి సరిపోరు?"

"బరువుకండీ."



"ఉంగరం పెట్టెలో పెట్టెయ్యక్కా," అన్నారాయన లేస్తూ. "వెళ్ళిపోదాం."

గుమ్మంలో నిలబడ్డ మా అక్క ముఖం అప్పుడే సున్నం కొట్టిన గోడలా ఉంది.

ఇక దాచలేక కాంటిలీవర్ సిద్ధాంతం యావత్తూ విప్పి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. ఒక్క ముక్కా నమ్మలేదు. నా చెయ్యి పట్టుకుని కిందికి నడిపించి, ఓ అరటిచెట్టును పక్కకు వంచారు. వెనక సిమెంటు స్తంభం. రెండో చెట్టు వెనక రెండో స్తంభం.

"మీ ఏలూర్లో అరటిచెట్లు దేనికి కడతారండీ బాబూ, గాలికా?"

అంతవరకే బిగబట్టగలిగారు. నవ్వి నవ్వి ఆ స్తంభాన్నే ఆనుకుని, వెంట దిగి వచ్చిన పెదనాన్నతో అన్నారు: "ఉంగరం తెప్పించండి బావగారూ. కానీ పెళ్ళిలో మావాళ్ళకి ఈ అబ్బాయే వడ్డించాలి. ఎవరికీ తక్కువ చెయ్యకూడదు. మేం చిక్కిపోతే మీ ఇల్లేమైపోద్దో."

నాటి నుండి నాదొక కఠిన నియమం: అలంకరణ విప్పి చూడనిదే ఏ కట్టడాన్నీ శంకించను, ఎంతటి అత్యవసరమైనా సరే, వియ్యాలవారిని నిర్మాణ సామగ్రిగా వినియోగించను.