పాలపొడి డబ్బాలో వెంట్రుకలు

కోనసీమ నుంచి వచ్చిన ఆ పిల్ల చేసిన నేరమేమిటో ముందే చెబుతాను. రాలిపోయిన వెంట్రుకల్ని పారేయకుండా దాచుకుంది. అంతే.

ఎనభైల మొదట్లో అరబ్బు దేశంలో, ఫహాహీల్‌లో ఒక ఇంట్లో నేను వంటమనిషిని. మాది రాయచోటి వైపు. అరబ్బీ కాస్త వచ్చు కాబట్టి, ఐదు పూటలా నమాజు చేసేదాన్ని కాబట్టి ఆ ఇంట్లో నా మాటకు ఎంతో కొంత విలువ ఉండేది. ఆ పిల్ల నా తర్వాత వచ్చింది. ఇల్లు తుడవడం, బట్టలుతకడం, పసిబిడ్డను ఎత్తుకోవడం ఆమె పని. సాయంత్రమైతే మామాకి, అంటే ఇంటావిడకి, తలకు నూనె రాసి దువ్వడం కూడా ఆమె వంతే. మామాకి మోకాళ్ళ దాకా జుట్టు. ఆమెకు దాని మీద ఉన్న గర్వం ఇంతా అంతా కాదు. బిడ్డ పుట్టిన కొన్నాళ్ళకు ఆ జుట్టు దువ్వెనకు కుచ్చులు కుచ్చులుగా రావడం మొదలైంది. బిడ్డను కన్న ఏ ఆడదాన్నడిగినా అది మామూలేనని చెబుతుంది. నాకూ ప్రతి కాన్పుకీ రాలింది, మళ్ళీ వచ్చింది.

మన ఊళ్ళలో రాలిన వెంట్రుకల్ని ఎవరు పారేస్తారు? దువ్వుకున్నాక చుట్ట చుట్టి చూరులో దోపుతాం. చిక్కు వెంట్రుకలు కొనేవాడు వీధిలోకి వస్తే వాటిని ఇచ్చి పిన్నీసులో, గిన్నెలో తీసుకుంటాం. బారుగా ఉంటే సవరం కట్టిస్తాం. ఈ పిల్లకు చిన్నప్పుడు టైఫాయిడ్ వచ్చి జుట్టంతా ఊడిపోయింది. మిగిలింది ఎలుక తోకంత జడ. మామా తల నుంచి వచ్చే బారెడు వెంట్రుకల్ని చెత్తబుట్టలో వేయడానికి ఆమెకు ప్రాణం ఒప్పలేదు. ఉండలు చుట్టి, విడిపోకుండా ఒక్కోదానికీ దారంతో ముడేసి, పాలపొడి డబ్బాలో పెట్టుకుంది. నాకు చూపించింది కూడా.

“ఊరెళ్ళేక సవరం కట్టించుకుంటానక్కా. పెళ్ళిళ్ళకెళ్తే నా జడ చూసి నవ్వుతున్నారు. పారేసేయేగా ఇయి,” అంది.

“పారేసేటివే గద మే, పెట్టుకో,” అన్నాను. అందులో వింతేముంది? నా వెంట్రుకల ఉండ కూడా వంటింటి కిటికీ పైన ఉండేది.

ఒకరోజు బిడ్డ పాలసీసా కనబడలేదని మామా ఆ పిల్ల గదంతా వెతికింది. మంచం కింద డబ్బా దొరికింది. మూత తీసింది. తన వెంట్రుకలే, ముడులేసి! ఆ కేక వంటింట్లో ఉన్న నాకు వినబడి, చేతిలో గరిటె అలాగే పట్టుకుని పరిగెత్తాను. అప్పటికే పక్కింటి ముసలావిడ గోడ అవతలి నుంచి వచ్చేసింది. ముడులు చూసి గుండె మీద చెయ్యి వేసుకుని “సిహ్ర్” అంది. సిహ్ర్ అంటే చేతబడి; వెంట్రుకలకు ముడులేసి చేస్తారని అక్కడివాళ్ళ నమ్మకం. ఇంకేముంది, మామా జుట్టు ఎందుకు రాలుతోందో తెలిసిపోయింది. బిడ్డ ఎందుకు ఏడుస్తోందో తెలిసిపోయింది. బాబా, అంటే ఇంటాయన, ఇంటికి ఆలస్యంగా ఎందుకు వస్తున్నాడో అదీ తెలిసిపోయింది!

ఆ పిల్లకు అరబ్బీ రాదు. ఏమంటున్నారో తెలియక నా మొహం చూసింది. చెప్పాను. చెబితే ఏడ్చింది. దొంగ ఏడుపన్నారు. భయంతో నోరు పడిపోతే, చూడండి గుండె రాయి అన్నారు. అందరి ముందూ ముడులన్నీ విప్పించారు. ఒక ముడి చిక్కు పడితే, అదే అసలు ముడి అన్నారు. ఉప్పునీళ్ళు చల్లి, వెంట్రుకల్ని పెరట్లో తగలబెట్టారు. ఏం చేసినా తప్పే అయ్యే చోట మనిషి ఏం చెయ్యాలి? ఇన్నేళ్ళయినా ఆ సంగతి తలచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

నేను ఊరుకోలేదు. కిటికీ పైనున్న నా ఉండ తెచ్చి మామా ముందు పెట్టాను. “మా దేశంలో అందరం దాస్తాం మామా. ఇది నాది. మరి నేనూ మంత్రగత్తెనేనా? కాన్పయితే జుట్టు రాలుతుంది. నీ తల్లిని అడుగు,” అన్నాను. మామా నా నుంచి రెండడుగులు వెనక్కి వేసింది. “నీకు కూడా నేర్పిందా?” అంది. సాక్ష్యం చెప్పడానికి వెళ్ళినదాన్ని నేనే నేరంలో భాగమైపోయాను.

తర్వాత మామా కత్తెర తెచ్చింది. నా జుట్టు నువ్వు తీస్తే నీ జుట్టు నేను తీస్తానని, ఆ పిల్ల జడ మొదలంటా కోసి చెత్తబుట్టలో పడేసింది. అప్పుడప్పుడే భుజాలు దాటిన జడ అది. నేను అడ్డం వెళితే బాబా నా రెక్క పట్టుకుని పక్కకు లాగాడు. “ఖలాస్” అన్నాడు, ఇక అయిపోయిందని. పోలీసులకు అప్పజెప్పడట, ఊరికి పంపేస్తాడట. అదీ ఆయన దయ.

నాకప్పుడు మా ఊరి ముసలమ్మ గుర్తొచ్చింది. ఎవరి గొడ్డో చచ్చిందని, ఆమె చేతబడి చేసిందని పళ్ళు రాలగొట్టారు. పళ్ళు లేకపోతే మంత్రం పలకదంట. ఆమె మా ఇంటికొస్తే మా అమ్మ సంగటి జారుగా చేసి పెట్టేది. “నోరు లేనోళ్ళ మీదనే ఈ ఊరి పెత్తనమంతా” అని అమ్మ తిట్టేది. ఊరు మారినా, దేశం మారినా, పళ్ళ బదులు జడ.

అందరూ లోపలికి వెళ్ళాక ఆ జడను చెత్తబుట్టలోంచి తీసి, గుడ్డలో చుట్టి జాకెట్లో పెట్టుకున్నాను. దొరికితే నా గతీ అంతే. అయినా తీశాను. సవరానికని ఆ పిల్ల దాచుకున్నది కాలిపోయింది, కనీసం తనదైనా తనకు దక్కాలనుకున్నాను.

టికెట్ వచ్చేదాకా ఆమెను ఖైతాన్‌లో ఒక కోనసీమ కుటుంబం ఉండే ఫ్లాట్‌లో దించారు. సొంత మనుషులు కదా, కడుపులో పెట్టుకుంటారనుకున్నాను. శుక్రవారం సెలవడిగి షేర్ కారెక్కి వెళ్ళాను. ఆ పిల్ల తలకు తువ్వాలు చుట్టుకుని వంటింటి బాల్కనీలో కూర్చుంది. చాప అక్కడే, కంచం విడిగా.

“మాకు చిన్నపిల్లలున్నారండి. నిప్పు లేందే పొగ రాదంటారు కదండి,” అంది ఆ ఇల్లాలు నాతో.

“నిప్పు పెట్టినోళ్ళు ఫహాహీల్లో ఉండారు. పోయి వాళ్ళనడుగు,” అన్నాను. ఆమె మొహం మాడ్చుకుంది.

నేను పక్కన కూర్చున్నాక ఆ పిల్ల మెల్లగా చెప్పింది. “పొద్దున్న ఈవిడే వొచ్చి అడిగిందక్కా. వోళ్ళాయన పాస్‌పోర్టు కఫీల్, అదే పనిలో పెట్టుకున్నోడు, ఇవ్వట్లేదంట, ఒక ముడేసి పెట్టమంది. నాకేం రాదండీ అంటే, మాకు చెప్పవులే అని కోపం తెచ్చుకుంది.”

కంచం దగ్గరికి రానివ్వనిది ముడి కోసం దగ్గరికొచ్చింది! అరబ్బులు ఒక్కసారి అన్నారు, మనవాళ్ళు రెండుసార్లు అన్నారు.

గుడ్డ మూట విప్పి జడ ఆమె ఒళ్ళో పెట్టాను. “నీదే మే. ఊర్లో సవరం కట్టించుకో,” అన్నాను.

ఆ పిల్ల చటుక్కున చేతులు వెనక్కి తీసుకుంది. బాల్కనీ తలుపు వైపు చూసింది. “వొద్దక్కా. ఎవరన్నా చూత్తే మళ్ళీ అదే అంటారు. నీ దగ్గరా ఉంచుకోకు. తగలెట్టెయ్యి,” అంది. తన జడను తనే తాకడానికి భయపడింది.

ఆమె వెళ్ళిపోయిన కొన్నాళ్ళకు మామాకి మళ్ళీ జుట్టు మొలిచింది. మొలవక ఏం చేస్తుంది? వచ్చిన చుట్టాలందరికీ తల వంచి, “అది పోయింది, జుట్టు వచ్చింది” అని చూపించేది. నమాజు చేసేదాన్నని నన్ను ఉండనిచ్చారు, దువ్వే పని అప్పటికి నాదైంది. రాలిన ప్రతి వెంట్రుకా ఆమె కళ్ళ ముందే కాల్చేదాన్ని.

జడను మాత్రం కాల్చలేదు. గడువు తీరి వచ్చేటప్పుడు విమానాశ్రయంలో పెట్టె తెరిచిన అధికారి దాన్ని పైకెత్తి, ఏమిటిదని అడిగాడు. వెనకున్న మనవాళ్ళందరూ మెడలు సాచి చూశారు.

“జుట్టు. ఏ తప్పూ చెయ్యని ఒక ఆడపిల్లది,” అన్నాను, అందరికీ వినబడేలా.