నిలబడితే డెబ్బై, పడుకుంటే డెబ్బై ఐదు

వల్దెసీర్‌ని వాళ్ళమ్మ పడవలోనే కన్నది. అబయెతెతూబా ఊరి నుంచి నదిమీద బెలేం నగరంలోని ఆసుపత్రికి బయల్దేరితే సగం దారిలోనే నొప్పులు ముదిరాయి. అందుకేనేమో, నలభై ఒకటో ఏడు వచ్చినా అతనికి నేలమీద కంటే పడవ అడుగున నిలబడితేనే కాళ్ళు కుదురుగా ఉంటాయి.

అతని పని బెలేంలోని అసాయీ రేవులో. నదిలోని దీవుల నుంచి నల్లటి అసాయీ పండ్ల గంపలు పడవల నిండా వస్తాయి. నది పోటు మీదుంటే పడవ గట్టుకి సమంగా తేలుతుంది, గంప పక్కకి జరిపితే చాలు. పాటు మీదుంటే పడవ నిలువెత్తు కిందకి దిగిపోతుంది. అప్పుడు అడుగున ఉన్నవాడు ఒక్కో గంపనీ తలపైకెత్తి, చేతులు పూర్తిగా చాచి, పైవాడికి అందించాలి. ఇరవై రెండేళ్ళుగా ఆ అడుగున ఉన్నది వల్దెసీరే. పైనుంచి అందుకునేది జిల్మార్, అతని చెల్లెలి మొగుడు.

పొట్ట పెరిగిందని జిల్మార్, అందరూ అక్కా అని పిలిచే జెనాయిద్ జిమ్ములో చేరాడు. ఆవిడ ఒకప్పుడు ఇనప గుండు విసిరే ఆటలో రాష్ట్రమంతా తిరిగి వచ్చిన మనిషి. ఇప్పుడు యాభై ఆరేళ్ళు. జురూనాస్ పేటలో ఇంటి వెనక రేకుల షెడ్డు వేసి, సగం అసలు ప్లేట్లు, సగం సిమెంటు పోసిన డబ్బాలతో జిమ్ము నడుపుతోంది. గోడమీద నల్లబల్ల. దానిమీద అందరి పేర్లూ, పక్కన బెంచ్ ప్రెస్‌లో, అంటే బల్లమీద పడుకుని గుండెమీంచి పైకి తోయడంలో, ఎవరెంత ఎత్తారో ఆ కిలోలూ. ఆ షెడ్డులో మనిషి విలువంతా అదే.

ఒకరోజు వాన వెలిశాక జిల్మార్ వల్దెసీర్‌ని లాక్కొచ్చాడు.

"అక్కా, మా బావ. పొద్దున్నే రెండొందల గంపలు లేపి వచ్చాడు. ఒకసారి చూడు."

వల్దెసీర్ ప్లేట్లు ఎక్కించిన ఇనప బార్ అందుకుని, అలవాటైన పద్ధతిలో నిలబడే తలపైకెత్తాడు. డెబ్బై కిలోలు. జెనాయిద్ కళ్ళు చిట్లించింది.

"మోకాళ్ళు వంచావేమో. మళ్ళీ ఎత్తు, కర్రలా నిలబడి."

మళ్ళీ ఎత్తాడు. మోకాళ్ళు కదల్లేదు. షెడ్డంతా చప్పట్లు.

"మామూలుగా పడుకుని ఎత్తేది ఎక్కువుంటుంది," అంది జెనాయిద్. "నిలబడి డెబ్బై అంటే, పడుకుంటే నూటపది పైమాటే. పెట్టండ్రా నూరు!"

బల్లమీద పడుకున్నాడు వల్దెసీర్. బార్ కిందికి బాగానే వచ్చింది. గుండెమీద వాలింది. అక్కడే ఉండిపోయింది. పక్కనే ఉన్న అదెమీర్ దాన్ని లాగి స్టాండు మీద పెట్టాడు. అదెమీర్ మాంసం కొట్టువాడు. నల్లబల్ల మీద మొదటి పేరు అతనిది, నూట ముప్పై.

"అన్నా, నిద్రపోయావా ఏంటి?"

అందరూ గొల్లున నవ్వారు. ఎనభై పెట్టారు. బార్ వణికి ఒక పక్కకి ఒరిగింది. చివరికి డెబ్బై ఐదు దగ్గర ఒక్కసారి, ఒకే ఒక్కసారి, పైకి వెళ్ళింది.

"నిలబడితే సింహం, పడుకుంటే పిల్లి!" అన్నారెవరో. జిల్మార్ మొహం అతనికంటే ఎక్కువ చిన్నబోయింది.

ఆ రాత్రి తన గుడ్డ ఊయలలో పడుకున్నా వల్దెసీర్‌కి అదే రంధి. గుండెలో ఏదైనా తేడా ఉందేమో. లేకపోతే పడుకోగానే బలం ఎక్కడికి పోతుంది?

"ఏమయ్యా, అంత ఆలోచనేంటి?" అంది భార్య యోలాందా. "పడుకున్నాక నీకు బలం ఉండదని నాకు పెళ్ళైన కొత్తలోనే తెలుసు." నవ్వించాలని అన్న మాట అది. అతను నవ్వలేదు. మర్నాడు పేట దవాఖానాకి వెళ్ళాడు. డాక్టరమ్మ గుండె విన్నది, చేతులు తోయమంది, భుజాలు తిప్పమంది.

"బండలా ఉన్నావు. ఇంతకీ జబ్బేంటి?"

"పడుకుంటే బలం పోతోందమ్మా."

ఆవిడ తర్వాతి మనిషిని పిలిచింది.

వారం తర్వాత జిల్మార్ పంతం పట్టాడు. "అదెమీర్, నువ్వు మా బావలా నిలబడి డెబ్బై ఎత్తు చూద్దాం." అదెమీర్ నవ్వుతూ బార్ పట్టుకున్నాడు. అరవై వెళ్ళింది. అరవై ఐదు నుదుటి దాకా వచ్చి ఆగింది. మెడ నరాలు పొంగాయి, మొహం కందిపోయింది, బార్ కిందికొచ్చింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. నల్లబల్ల మీద మొదటి పేరువాడు కదా.

మూడోరోజు పొద్దున పని ముగిసేసరికి అదెమీర్ రేవు గట్టు మీద నిలబడి ఉన్నాడు, ఏప్రన్ కూడా విప్పకుండా.

"అన్నా, ఒక మాట అడగనా? ఎవరికీ చెప్పకు. నాలో ఏదన్నా లోపం ఉందంటావా?"

వల్దెసీర్ ఆశ్చర్యపోయాడు. "అదే మాట నేను నా గురించి అనుకుంటున్నా తమ్ముడూ."

ఇద్దరూ కలిసి జెనాయిద్ దగ్గరికి వెళ్ళారు. ఆవిడ బట్టలు కుట్టుకునే టేపు తెచ్చి చేతులు కొలిచింది. వల్దెసీర్ చేతులు అదెమీర్ చేతులకంటే నాలుగు వేళ్ళు పొడుగు. "ఇదిగో దొరికింది! పొడుగు చేతులవాడికి పడుకుంటే కష్టం. బార్ చాలా దూరం వెళ్ళాలిగా."

"మరి నిలబడి ఎత్తేటప్పుడు ఆ చేతులు పొట్టివైపోతాయా అక్కా?" అన్నాడు వల్దెసీర్.

జెనాయిద్ టేపు చుట్టుకుంటూ ఆలోచించింది. "సరే, అది కాదు. నువ్వు ఇరవై రెండేళ్ళు పైకే ఎత్తావు. పడుకుని తోయమని నిన్నెవరూ అడగలేదు. ఒళ్ళు అడిగిందే నేర్చుకుంటుంది."

ఇది అతనికి నచ్చింది. రెండు రోజులు మనసు నెమ్మదించింది కూడా. ఆ తర్వాత పక్క పడవలో ఎన్నో ఏళ్ళుగా అదే పని చేసే కాసియానో జిమ్ముకి వచ్చి, నిలబడి యాభై, పడుకుని ఎనభై ఎత్తి వెళ్ళాడు. అచ్చం జెనాయిద్ మొదట చెప్పిన లెక్కే. వల్దెసీర్ జెనాయిద్ వైపు చూశాడు.

"నన్ను చూడకు. నాకూ తెలీదు," అందావిడ.

ఆరు నెలలు ఇద్దరూ ఒకరికొకరు నేర్పుకున్నారు. భుజాలు వెనక్కి బిగించి బల్లకి అదిమిపెట్టడం, పాదాలు నేలకి తన్నిపెట్టడం అదెమీర్ చూపించాడు. ఊపిరి బిగబట్టి నడుం వంగకుండా నిలబడటం వల్దెసీర్ చూపించాడు. ఊళ్ళో ఏటా జరిగే ఉత్సవాలు వచ్చేసరికి వల్దెసీర్ పడుకుని తొంభై రెండు ఎత్తాడు. ఇంటికెళ్ళి యోలాందాని ఎత్తుకుని తిప్పినంత పని చేశాడు. కానీ అదే వారం నిలబడి ఎత్తితే అరవై ఆరే వచ్చింది. అదెమీర్ డెబ్బై రెండు ఎత్తేశాడు.

ఆ దెబ్బ మాత్రం గట్టిగా తగిలింది. తనదంటూ ఉన్నది అదొక్కటే. అది కూడా పక్కవాడికి నేర్పి పోగొట్టుకున్నట్టయింది.

"పడుకునే బలం వచ్చి నిలబడే బలాన్ని తినేసిందా?" అని జిల్మార్‌ని అడిగాడు.

"నాకేం తెలుసు బావా. గంపలైతే ఎప్పటిలాగే వస్తున్నాయి పైకి."

ఆ మాట విని అదెమీర్, తనూ ఒక పూట పడవలో దిగుతానన్నాడు. నది బాగా పాటు మీదున్న రోజు. పక్కపక్కనే రెండు పడవలు. మొదటి ఇరవై గంపలూ ఇద్దరివీ సమంగా వెళ్ళాయి. నలభైకి అదెమీర్ మాట్లాడటం మానేశాడు. అరవై మూడో గంప గట్టు అంచు దాకా వచ్చి వెనక్కి జారి, పండ్లన్నీ పడవంతా దొర్లాయి. అదెమీర్ వాటి మధ్యే కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు.

"చేతులు నావి కావన్నా! ఎవరివో!"

వల్దెసీర్ తన పడవ ఖాళీ చేసి, ఆ పడవలోకి దిగి మిగతా గంపలు కూడా అందించాడు. కడుపు నిండినట్టనిపించింది. కానీ గట్టెక్కుతుంటే మళ్ళీ పాత పురుగే తొలిచింది. నిలబడి ఒకసారి ఎత్తమంటే అదెమీర్ గెలుస్తాడు, పడుకుని ఎత్తమన్నా అదెమీరే గెలుస్తాడు. మరి ఇప్పుడు తను గెలిచింది దేంట్లో?

సాయంత్రం వాన వెలిశాక జిమ్ముకెళ్ళి ఈ మాటే అడిగాడు. జెనాయిద్ సుద్దముక్క తీసుకుని నల్లబల్ల దగ్గరికి వెళ్ళింది. పడుకుని ఎత్తిన కిలోల పక్కన నిలబడి ఎత్తినవి రాయడానికి నిలువు గీత ఈ మధ్యే గీసింది. దాని పక్కన ఇంకో గీత గీసింది.

"ఇది నీది," అంది. "ఏమని రాయను? గంపలా, కిలోలా, గంటలా?"

షెడ్డులో ఉన్నవాళ్ళంతా చుట్టూ చేరారు. గంపలన్నారు కొందరు. గంపలన్నీ ఒకే బరువుండవు కదా అన్నాడు జిల్మార్. గంటలన్నాడు అదెమీర్. నదిలో పాటు ఎంత దిగిందో అది కూడా రాయాలి కదా అన్నాడు వల్దెసీర్, తనకే తెలియకుండా. జెనాయిద్ అందరివంకా ఒకసారి చూసి, సుద్దముక్క చెవి మీద పెట్టుకుంది.

ఆ గీత పక్కన ఇప్పటికీ ఏమీ రాయలేదు.