తొమ్మిది లింకుల తప్పు

మా నాయిన సర్వే ఆఫీసుల గొలుసు పట్టే మనిషి. అరవై ఆరు అడుగుల ఇనుప గొలుసు, దానికి నూరు లింకులు. ఒక్కో లింకు జానెడుకు జర తక్కువ. కొలువు చేసినన్ని ఏండ్లు దాన్ని గుంజుకుంట ఊరూరు తిరిగిండు. గుంజంగ గుంజంగ లింకులను కలిపే కడియాలు విచ్చుకొని గొలుసు సాగుతది. అందుకే పొద్దుగాల పనికి పోయే ముందు, ఆఫీసు వాకిట్ల సరిగ్గ అరవై ఆరు అడుగుల ఎడంతోని పాతిన రెండు రాళ్ల నడుమ పరిచి సరిచూసుకోవాలె. నాయిన ఒక్కనాడు ఆ పని తప్పేటోడు కాదు. తప్పింది సొంత భూమి కాడనే.

నర్సంపేట దిక్కు మాకు, చిన్నాయినకు కలిపి ఒక పొడుగు చెలక ఉండె. రికార్డుల పద్దెనిమిది గొలుసుల పొడుగు. పంచుకున్న దినం ఆదివారం, ఆఫీసు బందు. గొలుసు ఇంట్లనే ఉంది. సరిచూడకుండనే తీసుకపోయి, మా అంచు నుంచి తొమ్మిది గొలుసులు కొలిచి హద్దురాయి పాతిండు. మిగిలింది తమ్మునిది. సగం తీస్తే మిగిలేది సగమే గదా, మళ్ల కొలుసుడెందుకు అన్నడు. "నువ్వు కొలిచినంక నేను చూసేదేముంది అన్నా" అన్నడు చిన్నాయిన.

ఈమధ్య కొత్త మిషన్లతోని మళ్ల సర్వే అయింది. మా దిక్కు తొమ్మిది లింకులు ఎక్కువ, చిన్నాయిన దిక్కు తొమ్మిది తక్కువ. గొలుసుకు ఒక లింకు లెక్కన సాగి ఉండె, అంతే సంగతి. కానీ ఊరు అట్ల అనుకుంటదా? గొలుసు పట్టేటోడే తమ్ముని భూమి మింగిండు అన్నరు. చిన్నాయిన మాట్లాడుడు బంద్ జేసిండు.

నాయిన బస్సెక్కి వరంగల్‌ల నా కిరాయి ఇంటికొచ్చిండు. నేను ప్రైవేటు కాలేజీల ఫిజిక్స్ చెప్త. పాత కొలతలను ఆకాశపు దూరాలల్లకు మార్చే లెక్కలు పిల్లలతోని చేయించిన, ఆ పేపర్లే ముంగట పెట్టుకొని కూసున్న.

"ఏం దిద్దుతానవ్ కొడుకా?" అన్నడు. చెప్పిన. "అయితే తొమ్మిది లింకులంటే ఎంత తప్పో జర చూసి చెప్పు" అన్నడు.

రెండు దినాల సంది అన్నం ముట్టనట్టుంది మొఖం. నాకు చూడ చాతకాలే. ఎట్లన్న నవ్వియ్యాలనుకున్న. భూమికి సూర్యునికి నడుమ దూరాన్ని ఒకటి అనుకుంటే, అందుల తొమ్మిది లింకులు ఎంత అని ఫోన్ల కొట్టిన. సున్న వచ్చింది. నిజానికది సున్న కాదు. చుక్క తర్వాత పది సున్నలు దాటితేగాని మొదటి అంకె రాదు, ఫోను అంత దూరం చూపియ్యక కొట్టేస్తది. పిల్లలకైతే చెప్తుంటి. ఆయనకు చెప్పలే.

"చూడు నాయినా, సున్న. ఫికర్ జెయ్యకు" అన్న.

ఆయన ఫోను కండ్లకు దగ్గర పట్టుకొని శానాసేపు చూసిండు. కాగితం మీద రాసియ్యమన్నడు. నా బుద్ధి గడ్డి తిని, రాసిచ్చిన.

తర్వాత జరిగింది ఆయనే చెప్పిండు. పెద్దమనుషులను కూసోబెట్టి, గొలుసు సరిచూసుకోలే, తప్పు నాదే అని ఒప్పుకునేటందుకే పోయిండు. తీరా నోరు తెరిచేసరికి "నా కొడుకు పెద్ద లెక్క చేసిండు, ఇది సున్ననట" అని కాగితం చూపిచ్చిండు. అందరు నవ్విండ్రు. చిన్నాయిన నవ్వలే. "నా భూమి సున్ననా అన్నా? నేను గూడ సున్ననేనా?" అని లేచి పోయిండట.

"చెప్పాలనే పోయిన రా. చేతిల కాగితం ఉండె. అది సులువనిపించింది" అన్నడు నాయిన. కాగితం రాసిందే నేను.

నెల తిరగక ముందే చిన్నాయినకు గుండెపోటు వచ్చింది. దవాఖానకు తీసుకపోతాంటే ఆటోలనే పాణం పోయింది. నాయిన పాడె పట్టబోతే చిన్నాయిన కొడుకులు చెయ్యి పక్కకు నూకిండ్రు. సొంత తమ్ముని పాడె! అందరి ముంగట. సిగ్గుతోని సచ్చిపోయిన నేను.

దినాలైనంక, గడ్డపార పట్టుకొని చెలకకు పోదాం పా అన్నడు నాయిన. టేపుతోని కొలుసుకొని, రాయి పెకిలించి, తొమ్మిది లింకులు మా దిక్కు జరిపిండు. డెబ్బై దాటిన మనిషి, గుంత ఆయనే తవ్విండు, మట్టి ఆయనే తొక్కిండు. నన్ను ముట్టనియ్యలే. అలికిడికి చిన్నమ్మ వచ్చి ఒడ్డు మీద నిలబడ్డది.

"తప్పు నాదే అమ్మా. ఆ దినం గొలుసు సరిచూసుకోలే. రాయి జరిపిన, చూడు" అన్నడు నాయిన.

చిన్నమ్మ రాయి దిక్కు చూడనన్న చూడలే.

"రాయి ఎవలడిగిండ్రు బావా? కూసున్నా లేచినా ఆయనది ఒక్కటే మాట. అన్న వచ్చి పొరపాటైందిరా అంటే సాలు, ఇంకింత నేనే ఇస్త అనేటోడు. నువ్వొస్తవని వాకిలి దిక్కే చూసిండు."

నాయిన గడ్డపార ఆనుకొని నిలబడ్డడు.

"ఇప్పుడు చెప్పిన గదమ్మా" అన్నడు.

"నాకు చెప్పినవ్ బావా" అన్నది చిన్నమ్మ.