ఇఫ్ మాస్టారి గుండీలు

మా తమ్ముడిని ఊరంతా ఇఫ్ మాస్టారు అంటుంది. ఆ పేరు పెట్టిన మహానుభావులెవరో గానీ, అచ్చంగా సరిపోయింది. సాయంత్రాలు మా ముందుగదిలో పెద్దవాళ్ళకు ఇంగ్లీషు చెబుతాడు. మిగతా రోజంతా నా ప్రాణం తీస్తాడు. పొద్దున లేచింది మొదలు ఒక్క మాటా సూటిగా చెప్పడు. "కూరగాయలు తెస్తావురా?" అంటే, "వాన పడకపోతే తెస్తానక్కా" అంటాడు. ఆకాశంలో మబ్బు తునక ఉండదు. "భోజనానికి వస్తావా?" అంటే, "ఆకలేస్తే వస్తాను" అంటాడు. చెంప ఛెళ్ళుమనిపించాలని ఎన్నోసార్లు అనుకున్నాను. జుట్టు నెరిసిన తమ్ముణ్ణి ఏం కొడతాం?

పాఠాల్లో కూడా వాడికి ప్రాణం ఇఫ్ వాక్యాలే. అందులోనూ ఎప్పుడూ నిజమయ్యేవే కావాలి. 'ఇఫ్ యూ హీట్ ఐస్, ఇట్ మెల్ట్స్.' మంచుగడ్డను వేడి చేస్తే కరుగుతుంది. ఎవరు చేసినా, ఎప్పుడు చేసినా కరిగి తీరాల్సిందే. అందుకని వాడొక నియమం పెట్టాడు. క్లాసుకు వచ్చినవాళ్ళు తమ పనిలోంచి అలాంటి వాక్యం ఒకటి తెచ్చి బోర్డు మీద రాయాలి. దాన్ని అందరి ముందూ పరీక్షించాలి. నిజమని తేలితే పక్కన టిక్కు. పరీక్ష చేయని వాక్యాన్ని మాత్రం క్లాసు ముగిసేలోగా డస్టరుతో తుడిచేయాలి.

ఈ పరీక్షలకు బలయ్యేది నా ఇల్లు. 'ఉప్పు మరిచిపోతే పిండి తొందరగా పొంగుతుంది' అని బేకరీ ఆయన ఓసారి రాశాడు. మావాడు ఆ పిండిని తెప్పించి నా గిన్నెలోనే పెట్టాడు. అది పొంగి, బల్ల మీదకు పొర్లి, నేల మీద చాప దాకా పాకింది. అందరూ చప్పట్లు కొట్టారు. గిన్నె తోమింది మాత్రం నేనే.

ఆ తర్వాత టైలరమ్మ చేరింది. మా వీధి చివర కొట్టు ఆవిడది. నలభై దాటిన మనిషి, ఒంటరిగా ఉంటుంది, మాట తక్కువ. నవ్వు వస్తే మాత్రం కత్తెర పక్కన పెట్టి మరీ నవ్వుతుంది. 'ఈ గుడ్డను తడిపితే కుంచించుకుపోతుంది' అన్నది ఆవిడ మొదటి వాక్యం. ఆ గుడ్డతోనే మా తమ్ముడు ఆవిడ దగ్గర కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. "పరీక్షిద్దాం" అంటూ దాన్ని నీళ్ళలో ముంచి, ఆరేసి, మరునాడు తొడుక్కుని క్లాసుకు వచ్చాడు. బొడ్డు బయట, మోచేతులు బయట, మొహంలో పతకం గెలిచినంత సంబరం. "చూశారా, నిజం!" అని టిక్కు పెట్టాడు. ఆవిడ కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. మావాడు ఆ నవ్వునే చూస్తూ నిలబడ్డాడు. వీడి పని అయిపోయిందని నాకు అప్పుడే అర్థమైంది.

ఇక మా ఇంట్లో చొక్కాల గుండీలు ఊడటం మొదలైంది. నేను కుడతానన్నా వినడు. చొక్కా చంకలో పెట్టుకుని టైలరమ్మ కొట్టుకు బయల్దేరేవాడు. ఒకరోజు సుద్దముక్కల డబ్బా తెరిస్తే అడుగున అన్నీ గుండీలే. దొంగవెధవ, తానే కత్తిరించి దాచుకుంటున్నాడు!

"ఒరేయ్, ఆవిణ్ణి నేరుగా అడగొచ్చుగా?" అన్నాను.

"కాదంటే?" అన్నాడు.

ఎందుకో కోపం రాలేదు. జాలేసింది. ఇన్నేళ్ళుగా వాడు వాన మీదకూ ఆకలి మీదకూ నెట్టేసిన మాటలన్నిటి వెనకా ఈ భయమే ఉందని తెలిసింది.

ఇంతలో టైలరమ్మ కొట్టున్న భవనాన్ని కూల్చేస్తారన్న కబురు వచ్చింది. మిషను ఎత్తుకుని వేరే ఊళ్ళో ఉన్న అన్నగారి దగ్గరికి వెళ్ళిపోతున్నానని ఆవిడ చెప్పింది. ఆవిడ ఆఖరి క్లాసు రోజున మా తమ్ముడు నున్నగా గడ్డం గీసుకున్నాడు.

"ఇవాళైనా అడుగుతావా?" అన్నాను.

"సందర్భం వస్తే అడుగుతానక్కా."

నేను తల బాదుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాను.

ఆ సాయంత్రం టైలరమ్మ లేచి వెళ్ళి, బోర్డు మీద ఒక్కో అక్షరమే రాసింది. 'ఇఫ్ సమ్‌వన్ ఆస్క్స్ మీ, ఐ స్టే.' ఎవరైనా అడిగితే, నేను ఉండిపోతాను.

మా తమ్ముడు బోర్డును ఎగాదిగా చూసి గొంతు సవరించుకున్నాడు. "తప్పుల్లేవు. కూర్చోండి" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపే బేకరీ ఆయన అందుకున్నాడు. "మాస్టారూ, మరి పరీక్ష?"

"ఇవాళ... టైము చాలదేమోనండీ."

"అయితే తుడిచెయ్యండి. రూలు మీదే కదా!"

వాడు డస్టరు తీసుకున్నాడు. చెయ్యి బోర్డు దాకా వెళ్ళి అక్కడే ఆగింది. టైలరమ్మ తల వంచుకుని సంచి సర్దుకుంటోంది. వాడు గానీ తుడిచి ఉంటే, అదే డస్టరుతో వీపు విమానం మోత మోగించేదాన్ని.

డస్టరు చేతిలోంచి జారిపడింది.

"ఉండిపోతారా? నాతో, ఈ ఇంట్లో?" అన్నాడు. వాన ఊసు లేదు, ఆకలి ఊసు లేదు.

"ఉంటాను" అంది ఆవిడ.

వాడు టిక్కు పెట్టబోతే సుద్దముక్క విరిగింది. ఇంకోటి తీస్తే అదీ విరిగింది. చివరికి బేకరీ ఆయనే లేచి పెట్టాడు. నేను వంటింట్లోకి వెళ్ళి కొంగుతో కళ్ళు ఒత్తుకున్నాను.

పెళ్ళయ్యాక మిషను మా ముందుగదిలోకే వచ్చింది. ఒక మధ్యాహ్నం మా మరదలి చేతిలో ఆ సుద్దముక్కల డబ్బా పెట్టాను.

"నీ మొగుడి బండారం చూడమ్మా. ఇందులో ఒక్కటి కూడా దానంతటది ఊడింది కాదు."

ఆవిడ గుండీలు ఒళ్ళో పోసుకుంది, కత్తెర పక్కన పెట్టింది.

"మొదటి చొక్కాకే తెలిసింది వదినా. అందుకే తర్వాత గుండీలన్నీ వదులుగా కుట్టాను, వాటంతటవే ఊడతాయని. అప్పటిదాకా కూడా ఆగలేకపోయారు మీ తమ్ముడు!"